గోల్కీ మామ, ఒక చిన్న కప్పు, ఏ డివిజన్ ఆశ

మామ పెద్దకర్మ అయిపోయి చుట్టాలంతా సర్దుకుని వెళ్ళాక అత్తయ్య అటక మీది ట్రంకు పెట్టె దింపించింది. మూత ఎత్తగానే గుప్పుమని ఆముదం వాసన. ఆముదం, పాత తోలు, కలరా ఉండలు, మూడూ కలిసిన వాసన. లోపల ఉర్దూ పేపర్లో చుట్టిన ఫుట్‌బాల్ బూట్లు, ఎండిపోయి వంకర తిరిగి, కింద స్టడ్స్ సగం ఊడిపోయి ఉన్నాయి. "వీటిని బయట పారేయించాలని పెళ్ళైనప్పటి నుంచీ చూస్తున్నా, నావల్ల కాలేదు" అంది అత్తయ్య ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని. నాకేమో ఆ వాసనకి లాలాగూడ రైల్వే క్వార్టర్లు, వర్క్‌షాపు కూత, ఇరానీ హోటల్లో కేకలు అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. వరసగా ఏమీ రాయలేను, ఏది ముందు తడితే అది రాస్తాను.

ఆదివారం పొద్దున ఆ బూట్లకి ఆముదం పట్టించే పని నాది. మామ మెట్ల మీద కూర్చుని బాల్ సంగతి చూసుకునేవాడు. ఇప్పటి బాల్స్ లాంటివి కావవి. తోలు బాల్, లోపల రబ్బరు బ్లాడర్, సైకిల్ పంపుతో గాలి కొట్టి, మూతి మడిచి లోపలికి దోపి, పైన తోలు తాడుతో బిగించి కుట్టాలి. ఆ కుట్టున్న వైపు తగిలేలా హెడ్ చేస్తే నుదుటి మీద అచ్చు పడేది. వానలో తడిస్తే ఎంత బరువెక్కేదంటే బ్యాక్ ఆడే అన్న ఎంత గట్టిగా తన్నినా సగం గ్రౌండ్ దాటేది కాదు. గోల్‌కీపర్‌కి గ్లవ్స్ ఉంటాయని నాకు టీవీ వచ్చాకే తెలిసింది. మా మామ ఉత్త చేతులతోనే ఆడేవాడు, చిటికెన వేళ్ళు రెండూ చివరిదాకా వంకరగానే ఉండిపోయాయి. క్వార్టర్లలో ఆయన అసలు పేరు ఎవరూ వాడేవాళ్ళు కాదు. అందరికీ గోల్కీ. నాకు గోల్కీ మామ.

ఆడపిల్లకి గ్రౌండ్‌లో ఏం పని అని అమ్మమ్మ గొణిగేది. "బాల్ నాలాలో పడితే తెచ్చేదానికి ఎవరో ఒకరు ఉండాలె కదమ్మా" అని మామ నన్ను సైకిల్ ముందు రాడ్ మీద కూర్చోబెట్టుకుని పోయేవాడు. అట్లా గోల్‌పోస్టు వెనక నా చోటు ఖాయమైంది. అక్కడ కూర్చుంటే ఆట వెనక నుంచి కనబడుతుంది. గోల్‌కీపర్ ఎంత వాగుతాడో కూడా వినబడుతుంది. మామ ఇంట్లో నోరు విప్పని మనిషి, అక్కడ మాత్రం గంటన్నర ఆపకుండా తిట్టేవాడు, సగం తెలుగు, సగం ఉర్దూ. నాకొచ్చిన ఉర్దూలో చాలా భాగం అక్కడ నేర్చుకున్నదే, పది మందిలో మాట్లాడటానికి పనికి రాదు.

మా తాతయ్య వర్క్‌షాపులో పని చేసేవాడు. ఆయన తరానికి ఫుట్‌బాల్ అంటే హైదరాబాద్ సిటీ పోలీస్ టీమే, కోచ్ అంటే సయ్యద్ అబ్దుల్ రహీం. రహీం సాబ్ అనేవాళ్ళు, పూర్తి పేరు పలకడం మర్యాద కానట్టు. బొంబాయిలో రోవర్స్ కప్పు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు మన పోలీసులే ఎత్తుకొచ్చారు. ఢిల్లీలో డ్యూరండ్ కప్పు 1950, 1954, 1957లో. పేరు ఆంధ్రా పోలీస్‌గా మారాక 1961లో మళ్ళీ. వేరే ఇళ్ళలో ఎక్కాలు చెప్పినట్టు మా ఇంట్లో ఈ సంవత్సరాలు చెప్పేవాళ్ళు. రహీం సాబ్ ఇండియా టీమ్‌ని 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ దాకా తీసుకుపోయాడు, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చాడు. ఆ మరుసటి ఏడే క్యాన్సర్‌తో పోయాడు. ఆయన పోయిన రోజు తాతయ్య అన్నం ముట్టలేదని అమ్మమ్మ చెప్పేది. "సొంత అన్న పోయినప్పుడు తిన్నడు, ఆయనకి తినలే" అని కూడా కలిపేది.

అమ్ముగూడ మాకు దగ్గరే. తులసీదాస్ బలరాం పుట్టింది అక్కడే. ప్రాక్టీసుకి రావడానికి సైకిల్ అద్దె కూడా లేకపోతే ఆ డబ్బులు రహీం సాబే ఇచ్చేవాడని మామ ఎన్నిసార్లు చెప్పాడో. ఆ కుర్రాడే 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఒక గోల్, పెరూ మీద ఒక గోల్ కొట్టాడు. ఈ కథ చెప్పడంలో మామ ఉద్దేశం వేరే. నేను ఎండలో నడవలేనని మారాం చేసినప్పుడే అది బయటికొచ్చేది.

ఆటకంటే ఆట తర్వాతి మాటలే నాకు ఎక్కువ గుర్తున్నాయి. మ్యాచ్ అయ్యాక టీమంతా ఇరానీ హోటల్‌కి పోయేది. ఆ రోజుల్లో ఆడవాళ్ళు హాల్లో కూర్చునేవాళ్ళు కాదు, పక్కన పరదా కట్టిన ఫ్యామిలీ రూమ్ ఉండేది. నన్ను అందులో కూర్చోబెట్టి, సాసర్లో చాయ్ పోసి, రెండు ఉస్మానియా బిస్కెట్లు చేతిలో పెట్టి, మామ పరదా అవతల బల్ల దగ్గర చేరేవాడు. ఆ పచ్చ పరదా వెనక నుంచి నేను విన్న వాదనలు ఇప్పుడు ఏ టీవీ చర్చలోనూ వినబడవు. మనుషులు కనబడేవాళ్ళు కాదు గనక గొంతులతోనే పోల్చుకునేదాన్ని. హాఫ్‌బ్యాక్ చాచా గొంతు రంపం కోతలా ఉండేది. లెఫ్ట్ ఔట్ ఆడే అన్నది ఇంకా మీసాలు రాని గొంతు. ట్రెజరర్ సార్ ఏ వాదనలోకైనా డబ్బు లెక్క తెచ్చి కలిపేవాడు. పాలరాతి బల్ల మీద ఉప్పు సీసా సెంటర్ ఫార్వర్డ్, యాష్‌ట్రే అవతలి బ్యాక్, అగ్గిపెట్టె మా గోల్‌పోస్ట్. బల్ల మీద అవి జరుగుతున్న చప్పుడు నాకు లోపలికి వినబడేది. వన్ బై టూ చాయ్ చెప్పి రెండు గంటలు కూర్చుంటే గల్లా దగ్గరి సేఠ్‌కి కడుపు మండదా? మండేది. కానీ ఆయనా వచ్చి, మొన్న కార్నర్‌కి గోల్కీ ముందుకి రాకపోవడం తప్పా కాదా అని ఒక మాట విసిరి పోయేవాడు. ఇంకో అరగంట.

హబీబ్ పేరు రేడియోలో విన్నదీ అక్కడే. 1977లో పెలే న్యూయార్క్ కాస్మోస్ టీమ్‌తో కలకత్తా వచ్చి ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్ మీద ఆడాడు, మ్యాచ్ 2-2తో డ్రా. మోహన్ బగాన్ కొట్టిన రెండింట్లో ఒకటి మన హైదరాబాద్ మహమ్మద్ హబీబ్‌ది. కలకత్తాలో ఆయన్ని బడే మియా అనేవాళ్ళు. హోటల్లో ఆ రాత్రి పెలే గురించి ఎవరూ మాట్లాడలేదు. అందరూ హబీబ్ ఏ గల్లీలో ఆడి పెద్దయ్యాడు, ఎవరెవరు అతనితో ఆడారు, ఎవరు ఆడామని అబద్ధం చెప్తున్నారు, ఇదే గొడవ. నాకప్పుడు పెలే అంటే ఎవరో తెలియదు, హబీబ్ మీద గోల్ కొట్టడానికి వచ్చిన ఎవరో దొర అనుకున్నాను.

మా కప్పు సంగతి. పేరున్న కప్పు కాదు. దసరా సెలవుల్లో బొల్లారం వైపు ఒక గ్రౌండ్‌లో నాకౌట్ టోర్నమెంట్ పెట్టేవాళ్ళు. మా టీమ్ అప్పటికి సిటీ లీగ్‌లో బి డివిజన్, ఏ డివిజన్‌కి ఒక మెట్టు కింద. వర్క్‌షాపు ఫిట్టర్లు, ఒక పాలవాడు, ఇద్దరు కాలేజీ పిల్లలు, ఒక చర్చి పియానో అన్న. ఫైనల్లో మిలటరీ వాళ్ళ టీమ్ తగిలింది. వాళ్ళు లారీలో దిగి, ఒకే రంగు సాక్సులతో వరసలో నిలబడి ఒళ్ళు వేడెక్కించుకుంటుంటే, మావాళ్ళు సైకిళ్ళు తాళాలేసి కీలన్నీ నా గౌను జేబులో పోశారు. జెర్సీలకి రంగు ఒకటే కానీ ఉతుకులు వేరు, పదకొండు రకాల ఎరుపు. హాఫ్ టైమ్‌లో నిమ్మకాయ ముక్కలూ గ్లూకోజూ. మా వైపు జనం ఎక్కువ, క్వార్టర్ల ఆడవాళ్ళు కూడా పిల్లల్ని చంకనేసుకుని ప్రహరీ గోడ ఎక్కి కూర్చున్నారు. అమ్మమ్మ కూడా వచ్చింది. కొడుకు మొహం మీద ఎవడైనా తంతాడేమో చూడటానికి వచ్చానంది.

ఒకటీ కొట్టలేదు ఎవరూ. టై బ్రేకర్, పెనాల్టీ కిక్కులు. నేను పోస్టు వెనకే. మామ నా వైపు తిరిగి చూడలేదు గానీ ప్రతి కిక్కుకీ ముందు చేతులు మట్టిలో రుద్దుకుంటూ ఏదో గొణుక్కునేవాడు. దేవుడి పేరేమో అనుకున్నాను. తర్వాత అడిగితే, తన్నేవాడి బొటనవేలు ఎటు చూస్తోందో తనకి తనే పైకి చెప్పుకుంటాడట. రెండు ఆపాడు. మాకోసం చివరిది తన్నింది లెఫ్ట్ ఔట్ అన్న. బాల్ వలలో పడ్డాక, నిజానికి వల చిరిగి ఉండటంతో అందులోంచి బయటికొచ్చి నా ఒళ్ళో పడింది.

ఆ రాత్రి మర్ఫా డప్పులు పెట్టించారు. సైకిల్ క్యారియర్ మీద కప్పు కట్టి, వీధి వీధికీ తిప్పి, ప్రతి ఇంటి ముందూ ఆగి. అమ్మమ్మ కప్పుకి హారతి ఇచ్చి కుంకుమ పెట్టింది, టీమ్‌లో సగం మంది ముస్లింలు, క్రైస్తవులు, అందరూ కళ్ళకద్దుకున్నారు. అందులో గోళీ సోడా పోసి వరసగా తాగారు. మెరుగు పెట్టిన ఇత్తడేమో, సోడా కంపు కొట్టిందని అందరూ అన్నారు. కప్పు ఎక్కడ పెట్టాలని వారం రోజులు గొడవైంది. చివరికి ఇరానీ హోటల్ గల్లా పక్కన, పాన్ మసాలా డబ్బాల పైన పెట్టారు. సేఠ్ అందులో చిల్లర వేసుకునేవాడు.

ఆ తర్వాతే ఏ డివిజన్ పిచ్చి పట్టింది. కప్పు గెలిచిన టీమ్ లీగ్‌లో పైకి ఎందుకు పోకూడదు? ఏ డివిజన్‌లో పోలీస్, మిలటరీ సెంటర్ల టీములు, బ్యాంకులూ ఆఫీసుల టీములూ ఉండేవి. అక్కడ ఆడితే పదిమంది కళ్ళలో పడతారు. కళ్ళలో పడితే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం. పరదా వెనక నాకు అర్థమైనదేమిటంటే, ఆ బల్ల చుట్టూ ఉన్న కుర్రాళ్ళకి ఏ డివిజన్ అంటే పర్మనెంట్ ఉద్యోగం, ఒక క్వార్టర్, చెల్లెలి పెళ్ళి. కలకత్తా నుంచి క్లబ్బుల వాళ్ళు కుర్రాళ్ళని వెతుక్కుంటూ మన ఊరికి వచ్చే కాలం అది. మన సికింద్రాబాద్ విక్టర్ అమల్‌రాజ్, అంతకు ముందు హబీబ్ తమ్ముడు అక్బర్, షబ్బీర్ అలీ, వీళ్ళంతా పోయిన దారి కళ్ళముందు ఉంది. సిగరెట్ పెట్టె వెనక పాయింట్ల లెక్కలు వేసేవాళ్ళు. గెలిస్తే రెండు పాయింట్లు, డ్రా ఐతే ఒకటి. వాళ్ళు ఫలానా వాళ్ళతో ఓడి, మనం ఫలానా వాళ్ళని గెలిచి, వాన పడి ఫలానా మ్యాచ్ ఆగితే. ట్రెజరర్ సార్ ఒక్కడే అడ్డు పడేవాడు, ఏ డివిజన్‌కి పోతే ఎంట్రీ ఫీజు ఎవడు కడతాడని.

ఆ లెక్కలన్నీ కలిసొచ్చి చివరి మ్యాచ్‌కి ఒక్క పాయింట్ కావాల్సి వచ్చింది. డ్రా చాలు. ఆ వారంలోనే లెఫ్ట్ ఔట్ అన్నకి బొంబాయిలో ఒక ఆఫీసు టీమ్ నుంచి ఉద్యోగం పిలుపు వచ్చింది, వెంటనే చేరాలి. హోటల్లో ఆ రాత్రి ఎవరూ కేకలు వేయలేదు. "పో రా. ఇట్లాంటిదానికే కదా మనం పైకి పోదామనుకున్నది" అన్నాడు మామ. మరునాడు అందరూ సికింద్రాబాద్ స్టేషన్‌కి వెళ్ళి బండి ఎక్కించారు. అతను లేకుండా చివరి మ్యాచ్. దాని సంగతి తర్వాత చెప్తాను.

మెల్లగా అన్నీ పోయాయి. ఎవరికి దొరికిన కోటాలో వాళ్ళు చేరారు, దొరకనివాళ్ళు దుబాయ్ పోయారు. 1983 తర్వాత మా గల్లీ పిల్లలకి బ్యాటు తప్ప ఏదీ కనబడలేదు. గ్రౌండ్ చుట్టూ గోడ లేచింది, కొంత పార్కింగ్ అయింది. హోటల్ ఇప్పుడు మొబైల్ షాపు. వర్క్‌షాపు కూత వింటే మామ రిటైరయ్యాక కూడా లేచి నిలబడేవాడు.

2022లో హైదరాబాద్ ఎఫ్‌సి టీమ్ దేశంలో పై స్థాయి లీగ్ ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్‌కి వచ్చినప్పుడు నేను మామ దగ్గరికి వెళ్ళాను. ఫైనల్ గోవా ఫతోర్డాలో, అవతల కేరళ బ్లాస్టర్స్, స్టేడియం నిండా పసుపే. మామ మొదటి సగం అంతా సణిగాడు. "మన బస్తీ పోరగాడు ఒక్కడన్న ఉన్నడా ఇండ్ల? పేరే హైదరాబాదు." కేరళ గోల్ కొడితే ఛానల్ మార్చమన్నాడు. 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టి సమం చేశాక మళ్ళీ మార్చమనలేదు. చివరికి టై బ్రేకర్ వచ్చింది. అప్పుడు ఆ మనిషి, మోకాళ్ళు వంగని డెబ్బై దాటిన మనిషి, కుర్చీ లోంచి లేచి టీవీ ముందు నిలబడి గొణగడం మొదలుపెట్టాడు. "కుడి. వాని బొటనవేలు చూడు. కుడి." గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమని మూడు ఆపాడు, మనం 3-1తో గెలిచాం. కట్టిమని గోవా వాడు మామా అని నేనంటే, "గోల్కీకి ఊరుంటదా బిడ్డా" అన్నాడు. నన్ను వంటింట్లోకి పంపి నిమ్మకాయ సోడా కలిపించుకున్నాడు, షుగర్ ఉందని అత్తయ్య అరుస్తున్నా.

దాని తర్వాత ఆయనకి ఇంకో ఆశ పుట్టింది. ఐ-లీగ్‌లో ఫస్ట్ వచ్చిన టీమ్‌ని ఐఎస్ఎల్‌కి ప్రమోట్ చేస్తారని, అది 2022-23 సీజన్ నుంచే మొదలని ఎక్కడో చదివాడు. మన అజీజ్‌నగర్‌లో ఆడే శ్రీనిధి డెక్కన్ అందులో పైనే ఉంది. ఇంక ప్రతి వారం నాకు ఫోన్. ఇంకెన్ని మ్యాచ్‌లున్నాయి, పంజాబ్‌కి ఎన్ని పాయింట్లు, ఇప్పుడు గెలిస్తే మూడు ఇస్తారట కదా, ఐతే లెక్క మళ్ళీ వెయ్యి. ఆ ఏడు రౌండ్‌గ్లాస్ పంజాబ్ పైకి పోయింది, మనవాళ్ళు రెండో స్థానం. 2024లో మళ్ళీ రెండో స్థానమే, ఈసారి కలకత్తా మహమ్మదన్ స్పోర్టింగ్ పోయింది. "మహమ్మదన్ ఐతే పాయె, మనోళ్ళు ఎంతమంది ఆడిన టీమది" అని తనకి తానే సర్ది చెప్పుకున్నాడు. 2023లోనే ఫిబ్రవరిలో బలరాం, ఆగస్టు పదిహేనున హబీబ్ పోయారు. ఆ రెండు రోజులూ మామ ఫోన్ చేయలేదు, నేనే చేశాను. ఐఎస్ఎల్ గెలిచిన ఆ హైదరాబాద్ టీమ్ తర్వాత ఢిల్లీకి తరలిపోయింది. ఆ ముక్క మామ చెవిన పడలేదు, అంతవరకు నయం.

ఒక్కసారి ఆయన్నీ, హాఫ్‌బ్యాక్ చాచానీ కారులో అజీజ్‌నగర్ తీసుకెళ్ళాను, డెక్కన్ అరీనాకి. పచ్చటి గ్రౌండ్, చక్కటి లైట్లు, జనం పలచగా. చాచా గడ్డిని చేత్తో తడిమి చూశాడు. కొలంబియా నుంచి వచ్చిన ఫార్వర్డ్ కాస్టనేడా బాల్ తీసుకున్నప్పుడల్లా మామ ముందుకి వంగేవాడు. సున్నం గీతలు తెల్లగా, తిన్నగా ఉన్నాయి. "గీత అంటే ఇట్లుండాలె" అన్నాడు మామ. అంతే, నలభై ఏళ్ళ పాత గొడవ మళ్ళీ లేచింది. తిరిగి వచ్చేటప్పుడు కారులో మెహిదీపట్నం దాకా అదే.

ఆ చివరి మ్యాచ్. పొద్దుటి నుంచి ముసురు, గ్రౌండ్ అంతా బురద, సున్నం గీతలు హాఫ్ టైమ్‌కే కరిగిపోయాయి. సున్నా సున్నా. ఇంకో ఐదు నిమిషాలు ఆగితే మేం ఏ డివిజన్. అవతలివాళ్ళకి కార్నర్ దొరికింది, ఎవడో తల పెట్టాడు, మామ కుడికి దూకి రెండు చేతులా బాల్‌ని బురదలో అదిమి పట్టాడు. లైన్స్‌మన్ జెండా ఎత్తాడు. గోల్ అన్నారు. మావాళ్ళంతా రెఫరీ చుట్టూ మూగి, లేని గీత దాటిందని ఎట్లా చెప్తావని అడిగారు. ఆయన విజిల్ ఊది సెంటర్ చూపించాడు.

చాచా వాదన, బాల్ గీత దాటిందని. "నువ్వు పడ్డప్పుడు మోచెయ్యి లోపలికి పోయింది భాయ్, నేను చూశా." మామ వాదన, చాచా అప్పుడు కార్నర్ జెండా దగ్గర జారి బోర్లా పడి ఉన్నాడని. ఇద్దరూ ముందు సీట్లో నుంచి వెనక్కి, వెనక సీట్లో నుంచి ముందుకి అరుచుకుంటుంటే నాకు రోడ్డు కనబడలేదు.

ఆ రోజు రెఫరీ నన్ను అడగలేదు. గౌను వేసుకున్న ఎనిమిదేళ్ళ పిల్లని ఎవరడుగుతారు? కానీ కుడి పోస్టుకి జానెడు దూరంలో, వానలో, గొడుగు కూడా లేకుండా కూర్చున్నది నేను. బాల్ దాటలేదు. చాచా ఇది చదివితే మళ్ళీ ఫోన్ చేస్తాడు, చేయనీ. దాటలేదు.